పేరు చూసి కాదు, తేదీ చూసి వెళ్లండి

కొత్తగా పెట్టిన వ్యాపారానికి అన్నీ కావాలి. బోర్డు, బిల్లు పుస్తకం, బ్యాంకు ఖాతా, కుర్చీలు, కంప్యూటర్లు, ఇంటర్నెట్, బీమా, లెక్కలు చూసే మనిషి. పదేళ్లుగా నడుస్తున్న వ్యాపారి దగ్గరకు వెళ్తే "మాకు ముందునుంచీ ఒకాయన ఉన్నాడండీ" అని గుమ్మంలోనే పంపేస్తాడు. కొత్తవాడికి ఇంకా ఆ ‘ఒకాయన’ ఎవరూ లేరు. ఆ స్థానం మీది కావచ్చు. పైగా కొత్తవాళ్లు ఎవరో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు. కంపెనీ పెట్టినా, బ్రాండు పేరు కోసం దరఖాస్తు చేసినా, అపార్ట్‌మెంట్లు కట్టబోతున్నా ఎక్కడో ఒకచోట నమోదు చేయించుకోవాలి. ఆ నమోదుల్లో చాలావాటిని ఎవరైనా చూడవచ్చు.

ఇంత సులువైతే అందరూ బాగుపడాలి కదా? పడటం లేదు. ఈ జాబితాలు పట్టుకుని బయల్దేరినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే విసిగి వదిలేస్తారు. వాళ్లు జాబితాలో పేర్లు చూస్తారు, తేదీలు చూడరు. శుభలేఖ చేతికొస్తే వంటాయన ముందు చూసేది వధూవరుల పేర్లు కాదు, ముహూర్తం. నమోదు పత్రాన్నీ అలాగే చదవాలి. ఏ రోజు నమోదైంది? ఆ రోజు నుంచి ఏయే పనికి ఎంత గడువుంది? మీ సరుకు అవసరం ఆ గడువుల్లో ఎక్కడ పడుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాసుకోగలిగితే చాలు, జాబితా పనికొస్తుంది.

ఎక్కడ చూడాలి

ఈ పద్ధతి అమెరికాలో పాతదే. కాలిఫోర్నియాలో సొంత పేరుతో కాకుండా వేరే పేరుతో వ్యాపారం చేసేవాళ్లు కౌంటీ క్లర్కు దగ్గర ఆ పేరు నమోదు చేయించి, వారానికోసారి చొప్పున నాలుగు వారాలు పత్రికలో ప్రకటించాలి. ఫ్రీమాంట్‌లో కొత్తగా కర్రీ పాయింట్ పెట్టే మన తెలుగువాళ్లకైనా ఇదే నియమం. ఆ ప్రకటనలు చూసి అమ్మకానికి వెళ్లేవాళ్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నారు. మన దగ్గర అలాంటి పత్రికా ప్రకటన లేదు కానీ అంతకంటే మంచి వనరులే ఉన్నాయి.

మొదటిది కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్. కొత్తగా నమోదైన కంపెనీలు, ఎల్‌ఎల్‌పీల వివరాలు అందులో దొరుకుతాయి. ఒక్కో కంపెనీ గురించి వెతికితే నమోదు తేదీ, చిరునామా, మూలధనం కనిపిస్తాయి. వంద రూపాయల రుసుము కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలనూ చూడవచ్చు. వాటిలో మెమోరాండం ముఖ్యం. కంపెనీ ఏ పని కోసం పుట్టిందో వాళ్ల మాటల్లోనే ఉంటుంది.

రెండోది ట్రేడ్‌మార్క్స్ జర్నల్. ప్రతి సోమవారం వస్తుంది, చదవడానికి రుసుము లేదు. దరఖాస్తుదారు పేరు, చిరునామా, ఏ తరగతి సరుకు అన్నది ఉంటాయి. కాఫీ, టీ, మసాలాలు, మిఠాయిలు 30వ తరగతి, దుస్తులు 25, హోటళ్లు, రెస్టారెంట్లు 43. ప్రతి దరఖాస్తులోనూ ఆ పేరును ఏ తేదీ నుంచి వాడుతున్నారో రాస్తారు, లేదంటే ఇకముందు వాడబోతున్నామని రాస్తారు. ప్యాకింగ్ కవర్లు, లేబుళ్లు అమ్మేవాళ్లకు ఈ ఒక్క వాక్యం బంగారం. వాడబోతున్నామన్నవాడికి ఇంకా కవర్ అచ్చయి ఉండకపోవచ్చు.

మూడోది రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, అంటే రెరా. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటనలివ్వడానికి, అమ్మడానికి వీల్లేదు. తెలంగాణ రెరా, ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్లలో ఆ ప్రాజెక్టుల వివరాలుంటాయి. నిర్మాణం ఎంతవరకు వచ్చిందో బిల్డరు మూడు నెలలకోసారి అందులో తెలపాలి. లిఫ్టులు, టైల్స్, సీసీ కెమెరాలు అమ్మేవాళ్లు చూడాల్సింది ఇదే.

మీ సరుకు ఎవరికి కావాలో దాన్ని బట్టి ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోండి. మూడూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ సాగదు.

21 అక్షరాలు చదవడం నేర్చుకోండి

ప్రతి కంపెనీకి సీఐఎన్ అనే 21 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. చాలామంది దాన్ని కాపీ చేసి పక్కన పెట్టేస్తారు. నిజానికి జాబితాను వడకట్టే పని సగం అక్కడే అయిపోతుంది.

మొదటి అక్షరం ‘ఎల్’ అయితే స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ, ‘యు’ అయితే కానిది. కొత్తవి దాదాపు అన్నీ ‘యు’నే. తర్వాతి 5 అంకెలు వ్యాపార రకం. కొత్త కంపెనీల్లో ఆ అంకెలు 62తో మొదలైతే సాఫ్ట్‌వేర్, 56 అయితే రెస్టారెంట్లు, ఆహార సేవలు, 41 భవన నిర్మాణం, 21 మందుల తయారీ, 85 విద్య, 86 వైద్యం. ఆ తర్వాత రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు నమోదైన సంవత్సరం. తర్వాతి మూడక్షరాలు కంపెనీ రకం: ‘పీటీసీ’ ప్రైవేటు కంపెనీ, ‘ఓపీసీ’ ఒక్కరే పెట్టినది, ‘ఎన్‌పీఎల్’ లాభం కోసం కానిది. చివరి ఆరంకెలు నమోదు సంఖ్య.

మీరు రెస్టారెంట్లకు వంటగది సామాన్లు అమ్ముతారనుకోండి. 56తో మొదలయ్యేవి వేరు చేయండి. అందులో మీ ఊరి పిన్‌కోడ్లు వేరు చేయండి. వేల పేర్ల జాబితా కాసేపట్లో చిన్న కాగితం మీదికి వస్తుంది. ఆ కాగితంలో ఉన్నవాళ్లే మీ మనుషులు.

చిరునామా కూడా చదవాలి. 500055 పిన్‌కోడ్‌తో జీడిమెట్ల షెడ్డు చిరునామా ఉంటే అక్కడ యంత్రాలు దిగుతాయి. 500081తో మాదాపూర్ కో-వర్కింగ్ చిరునామా ఉంటే ల్యాప్‌టాప్‌లు తప్ప ఇంకేమీ ఉండవు. ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు ఉంటే కంపెనీ ఇంకా ఇంట్లోనే ఉందని. అలాంటివాళ్లకు ఆఫీసు ఫర్నిచర్ అమ్మబోవడం దండగ. ఫలానా నెలలో మళ్లీ చూడాలని రాసుకుని పక్కన పెట్టండి.

మూలధనం అంకె చూసి పొంగిపోకండి

అధీకృత మూలధనం 15 లక్షలని కనిపించగానే ‘పార్టీ గట్టిదే’ అనుకునేవాళ్లున్నారు. ఆ అంకె ఖాతాలో ఉన్న డబ్బు కాదు, అంతవరకు వాటాలు జారీ చేసుకోవచ్చన్న హద్దు మాత్రమే. 15 లక్షల దాకా నమోదు రుసుము లేకుండా 2019లో కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. అందుకే ఏ లక్షో సరిపోయేవాళ్లు కూడా పది, పదిహేను లక్షలని రాస్తారు. చెల్లించిన మూలధనం అంకె కొంత నయం. కానీ ప్రైవేటు కంపెనీకి కనీసం లక్ష ఉండాలన్న నిబంధన 2015లోనే పోయింది కాబట్టి అది పది వేలున్నా ఆశ్చర్యం లేదు.

అంకె చిన్నదైనంత మాత్రాన వదిలేయకూడదు, పెద్దదైనంత మాత్రాన వెంటపడకూడదు. కొనే శక్తి తెలియాలంటే ముందుకు జరగాలి.

గడువుల పట్టిక

కంపెనీ నమోదైన రోజును సున్నా అనుకోండి.

*30 రోజుల్లోపు:* మొదటి బోర్డు సమావేశం జరగాలి. మొదటి ఆడిటర్‌ను నియమించుకోవాలి. రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడో ఖాయం చేసుకోవాలి. ఆడిటర్లు, ఆఫీసు స్థలం చూపించేవాళ్లు వెళ్లాల్సిన సమయం ఇది.

*ఆఫీసు ఖాయమైన వెంటనే:* కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసు బయటా కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా కనిపించాలి. అవి ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాషలోనూ ఉండాలి. అంటే మన దగ్గర తెలుగులోనూ. లెటర్‌హెడ్లు, బిల్లుల మీద పేరు, చిరునామా, సీఐఎన్, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. బోర్డులు చేసేవాళ్లకు, ప్రెస్సువాళ్లకు చట్టమే పని చూపిస్తోంది. కొత్త కంపెనీలు పెట్టేవాళ్లలో చాలామందికి తెలుగు పేరు సంగతి తెలియదు. మీరు చెబితేనే తెలుస్తుంది.

*180 రోజుల్లోపు:* వాటాల సొమ్ము వచ్చిందని ప్రకటిస్తూ ఐఎన్‌సీ-20ఏ అనే ఫారం దాఖలు చేయాలి. అది దాఖలు చేయకుండా కంపెనీ వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. గడువు దాటితే కంపెనీకి 50 వేల రూపాయల జరిమానా. రుణాలిచ్చేవాళ్లు, యంత్రాలు వాయిదాల మీద ఇచ్చేవాళ్లు ఈ ఫారం పడిందో లేదో ముందు చూసుకోవాలి.

*ఉద్యోగులు పదిమంది, ఇరవైమంది అయినప్పుడు:* పదిమందికి ఈఎస్‌ఐ, ఇరవైమందికి పీఎఫ్ వర్తిస్తాయి. జీతాల సాఫ్ట్‌వేర్, గ్రూపు బీమా, క్యాంటీన్ సరఫరా అమ్మేవాళ్ల సమయం ఇది.

ఈ చివరి గడువు దగ్గర ఒక తికమక ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి కంపెనీ నమోదుకు ‘స్పైస్ ప్లస్’ అనే ఒకే దరఖాస్తు వచ్చింది. దానితోపాటే పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు కూడా వస్తాయి. కాబట్టి పీఎఫ్ నంబరు ఉందంటే ఉద్యోగులున్నారని కాదు. అది చూసి జీతాల సాఫ్ట్‌వేర్ అమ్మడానికి పోతే ఇద్దరు డైరెక్టర్లు, ఒక టేబులు కనిపిస్తాయి.

ఇప్పుడు మీ సరుకు పేరు ఒక కాగితం మీద రాసి, అది ఈ గడువుల్లో దేని పక్కన నిలబడుతుందో గీత గీయండి. రెరాకూ ఇదే లెక్క. పునాదిలో ఉన్న ప్రాజెక్టుకు టైల్స్ అమ్మబోవద్దు, శ్లాబులన్నీ వేసేశాక లిఫ్టు గురించి అడగబోవద్దు. మూడు నెలల నివేదికలు చూస్తూ ఉంటే మీ వంతు ఎప్పుడొస్తుందో బిల్డరుకంటే ముందు మీకే తెలుస్తుంది.

మొదటి వారం గుంపులో కలవకండి

కంపెనీ నమోదైందని తెలియగానే కరెంటు ఖాతా తెరవమని బ్యాంకులవాళ్లు, వెబ్‌సైట్ చేస్తామని కుర్రాళ్లు, ట్రేడ్‌మార్క్ చేయిస్తామని ఏజెంట్లు ఒకేసారి మీదపడతారు. ఆ వారంలో యజమాని ఎవరి మాటా వినే స్థితిలో ఉండడు. మీ సరుకు మొదటి వారానిదే అయితే తప్పదు. కాకపోతే ఆగండి. గుంపు పలచబడ్డాక వెళ్లినవాడి మాట చెవికెక్కుతుంది.

ఆ ఆగే రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. నమోదైన కంపెనీలన్నీ నడవవు. ఏది నడుస్తోందో కనిపెట్టాలి. అందుకు రెండు మార్గాలున్నాయి.

మొదటిది జీఎస్టీ పోర్టల్. అది ఫలానా ఊళ్లో కొత్తగా నమోదైనవాళ్ల జాబితా ఇవ్వదు. జీఎస్టీ నంబరు మీ దగ్గరుంటే మాత్రం లాగిన్ అవసరం లేకుండానే వ్యాపారం పేరు, నమోదు తేదీ, ఏ పని చేస్తారన్నది, రిటర్నులు ఎప్పుడెప్పుడు వేశారన్నది చూపిస్తుంది. నెలనెలా రిటర్నులు పడుతుంటే అక్కడ వ్యాపారం జరుగుతున్నట్టే అనుకోవచ్చు. మరి నంబరు ఎక్కడ దొరుకుతుంది? నమోదైన వ్యాపారి గుమ్మం దగ్గరి బోర్డు మీద జీఎస్టీ నంబరు వేయాలని నిబంధన. అటుగా వెళ్లినప్పుడు రాసుకోండి. అది 36తో మొదలైతే తెలంగాణ, 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్.

రెండోది పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్. సంస్థ పేరుతో వెతికితే ఏ నెలకు ఎంతమంది ఉద్యోగుల తరఫున ఎంత సొమ్ము కట్టారో కనిపిస్తుంది. మూడు నెలల్లో ఆ సంఖ్య ఇరవై నుంచి ముప్పై అయిందంటే కుర్చీలమ్మేవాడు ఇక ఆలస్యం చేయకూడదు.

ఏం మాట్లాడాలి

చిరునామా ఇల్లైతే ఉత్తరం రాయండి. ఆఫీసైతే మనిషి వెళ్లండి. ఎలా వెళ్లినా మొదటి మాటలో మీ సరుకు గొప్ప ఉండకూడదు, వాళ్ల గడువు ఉండాలి. సికింద్రాబాద్‌లో బోర్డులు చేయించే ఒకాయన మాదాపూర్‌లో ఒక కొత్త కంపెనీకి వెళ్లాడనుకుందాం.

"నమస్కారమండీ. నేను సికింద్రాబాద్‌లో ఆఫీసు బోర్డులు, లెటర్‌హెడ్లు చేయిస్తుంటాను. మీ కంపెనీ పోయిన నెలలో నమోదైనట్టు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసి వచ్చాను."

"ఇప్పటికే చాలామంది వచ్చారు సార్. ప్రస్తుతానికి ఏమీ వద్దు."

"వచ్చే ఉంటారండీ. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. ఆఫీసు ఇక్కడే ఉంచుతారా, మారుస్తారా?"

"వచ్చే నెల కొండాపూర్‌లో సొంతంగా తీసుకుంటున్నాం."

"అయితే ఇప్పుడు పెద్ద బోర్డు ఎవరు చేస్తామన్నా చేయించకండి. చిరునామా మారితే ఆ డబ్బు వృథా. కొత్త చోట మాత్రం పేరు తెలుగులో కూడా ఉండాలి, లెటర్‌హెడ్ మీద సీఐఎన్ ఉండాలి. ఎలా ఉండాలో ఈ కాగితంలో ఉంది, ఉంచండి. కొండాపూర్‌కి మారాక ఒకసారి ఫోన్ చేయమంటారా?"

"సరే, పదో తారీకు తర్వాత చేయండి."

ఇక్కడ ఏమీ అమ్ముడుపోలేదు. అయినా ఆ రోజుకు రావాల్సింది వచ్చింది. ఇప్పుడు కొనవద్దని చెప్పినవాడిని యజమాని మరిచిపోడు. పైగా ఫలానా రోజు తర్వాత ఫోన్ చేయమని ఆయనే అన్నాడు. వెయ్యి మందికి గాల్లో చేసే ఫోన్లకంటే ఆయన చెప్పిన సమయానికి చేసే ఆ ఒక్క ఫోను విలువైనది.

దాటకూడని గీతలు

టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల ప్రకారం, అనుమతి లేకుండా సొంత పదంకెల నంబరు నుంచి ప్రచార ఫోన్లు, సందేశాలు పంపకూడదు. ప్రచార కాల్స్ కోసం 140తో మొదలయ్యే నంబర్లు వేరే ఉన్నాయి. అవతలివాళ్లు 1909కి ఫిర్యాదు చేస్తే మీ నంబరుకే చిక్కు. మనిషి వెళ్లడం, ఉత్తరం రాయడం ముందు, ఒప్పుకున్నాకే ఫోను అని చెప్పడానికి మర్యాదతోపాటు ఇదీ ఒక కారణం.

డైరెక్టర్ల సొంత ఫోన్ నంబర్లున్న జాబితాలు అమ్మే దళారులుంటారు. కొనకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నుంచి, చట్టం ప్రకారం బయటపెట్టాల్సి వచ్చిన వివరాలకు మినహాయింపు ఉంది. దళారి ఎక్కడినుంచో పోగేసిన నంబర్లకు ఆ మినహాయింపు వర్తిస్తుందనుకోవద్దు.

మూడో గీత అన్నిటికంటే ముఖ్యం. కొత్త కంపెనీలకు, కొత్త ట్రేడ్‌మార్క్ దరఖాస్తుదారులకు సర్కారు నోటీసులా కనిపించే ఉత్తరాలు పంపి డబ్బు గుంజేవాళ్లున్నారు. మీ ఉత్తరం మీద సింహాల బొమ్మ, చక్రం, ‘అర్జంట్ నోటీసు’ లాంటివేవీ ఉండకూడదు. చట్టం చెప్పే గడువును గుర్తుచేయండి, కానీ దాన్ని చూపి భయపెట్టకండి. జరిమానా సంగతి చెప్పాల్సి వస్తే అది ఏ సెక్షన్ కిందో కూడా చెప్పండి. వాళ్ల సీఏను అడిగి చూసుకోమనండి. సీఏ ‘నిజమే’ అన్న రోజున మీ మాటకు బలం వస్తుంది.

ఈ వారం చేయాల్సిన పని

1. మీ సరుకుకు సరిపడే నమోదు వనరు ఒక్కటి ఎంచుకోండి.

2. మీ ఊరు, మీ వ్యాపార రకం వడకట్టి ఇరవై పేర్లకు మించకుండా రాసుకోండి.

3. ఒక్కో పేరు పక్కన నాలుగు గడులు గీయండి: నమోదు తేదీ, చిరునామా తీరు, మీ సరుకు అవసరమయ్యే తేదీ, వెళ్లాల్సిన తేదీ. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పేరు దగ్గరకు ఇంకా వెళ్లకండి.

4. అవతలివాళ్లకు పనికొచ్చే ఒక పేజీ కాగితం తయారుచేయండి. అందులో మీ ప్రకటన అడుగున రెండు పంక్తులకు మించకూడదు.

5. వెళ్లినచోటల్లా ఏం జరిగిందో అదే రోజు రాయండి. ‘వద్దు’ అన్నవాళ్ల పక్కన ఎందుకు వద్దన్నారో రాయండి. ‘ముందే వచ్చారు’ అన్నవాళ్లకు కొత్త తేదీ వేయండి. ‘ఇప్పుడే వేరేవాళ్ల దగ్గర తీసుకున్నాం’ అన్నవి ఎక్కువైతే మీ మూడో గడి లెక్క ఆలస్యంగా ఉందన్నమాట, ముందుకు జరపండి.

కొన్ని నెలలు ఇలా రాసుకుంటూ పోతే మీ ఊళ్లో, మీ సరుకుకు, నమోదైన ఎన్నో రోజున అవసరం పుడుతుందో మీ పుస్తకమే చెబుతుంది. ప్రభుత్వ జాబితా అందరికీ దొరుకుతుంది, మీ పుస్తకం మాత్రం మీ ఒక్కరికే ఉంటుంది. దాన్ని ఈ వారమే మొదలుపెట్టండి.